మూడో రికార్డు

బ్రిడ్జి కొట్టుకుపోయిన వరద ఏడాది అది. దానికి ముందూ వరదలు వచ్చాయి, తర్వాతా వచ్చాయి. కానీ మా ఊళ్ళో ఎవరి వయసు లెక్కగట్టాలన్నా ఇప్పటికీ బ్రిడ్జి వరదకి అటా ఇటా అనే అడుగుతారు.

ఆ ఎండాకాలం చివర్లో మా నాన్న పోయాడు. సున్నపు బట్టీలో పనిచేసిన మనిషి. లోపలంతా సున్నం పేరుకుపోయిందని డాక్టరు అన్నాడు. ఆయన పోయిన కొద్ది రోజులకే వాన పట్టుకుంది, నది ఊళ్ళోకి వచ్చింది. మాకు ఏడవడానికి తీరిక దొరకలేదు. ముందు ఇంట్లోంచి బురద ఎత్తిపోయాలి. బురద అయిపోయేసరికి ఏడవాలన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. అమ్మ నాన్న మంచాన్ని కడిగి గోడకి నిలబెట్టింది. అది అలాగే ఉండిపోయింది.

నేను రేడియో స్టేషన్లో రికార్డు గది అటెండర్ని. అంతకు ముందు రికార్డులు మేడ మీద ఉండేవి. కొత్తగా వచ్చిన డైరెక్టరు గారికి మేడ మీద గాలి బాగుందనిపించింది. ఆ గది తన ఆఫీసు చేసుకుని రికార్డుల్ని కిందికి దింపించారు. మోసి దింపింది నేనే. వరద తీశాక తలుపు తెరిస్తే గోడ మీద నా గుండెల ఎత్తున మట్టిరంగు గీత ఒకటి ఉంది, తాడు పట్టి గీసినట్టు. ఆ గీత కింద ఉన్నవన్నీ తడిశాయి.

ఆ సీజనంతా నా పని ఒకటే. పెట్టెలు విప్పడం, రికార్డుల్ని మంచినీళ్ళలో ముంచి మెత్తటి గుడ్డతో గాడి వెంట తుడవడం, నీడలో చెక్క స్టాండుల్లో నిలబెట్టడం. ఎండలో పెడితే వంకరపోతాయి. ఫ్యాక్టరీలో అచ్చుపోసిన రికార్డులు చాలావరకు బతికాయి. స్టేషన్‌వాళ్ళు అప్పటికప్పుడు మిషను మీద గాడి కోసి రికార్డు చేసుకున్నవే ఎక్కువగా తట్టుకోలేకపోయాయి. అవి రేకు మీద నల్ల పూత పూసినవి. నీళ్ళు తగిలితే పూత ఉబ్బుతుంది.

పెద్దాయన ఉపన్యాసం అలాంటి రికార్డుల్లోనే ఉంది. మా దేశంలో పెద్దాయన అంటే ఏ పెద్దాయన అని అడిగేవాళ్ళు లేరు. జెండా మారిన ఏడు మైదానంలో నిలబడి ఆయన మాట్లాడిన మాటలు అవి, అయిదు రికార్డులు. ఆయన పోయిన రోజు ఏటా సాయంత్రం వాటిని రేడియోలో వేస్తారు. ఊరంతా వింటుంది. మొదటిదీ రెండోదీ ఓపిక పట్టి వింటారు. అందరూ కాచుకుని కూర్చునేది మూడోదాని కోసం.

అందులో ఆయన అంటారు: "మీ ఇంటి దీపం మీరు వెలిగించుకోండి. దాన్ని ఆర్పడానికి వచ్చేవాడి సంగతి నేను చూసుకుంటాను." అని దగ్గు తెర వచ్చి ఆగిపోతారు. మైదానమంతా చప్పుడు లేకుండా చూస్తుంటుంది. దగ్గు ఆగాక అంటారు: "ముందు ఈ దగ్గు సంగతి చూసుకోనివ్వండి." అప్పుడు జనం నవ్వుతారు. ఇన్నేళ్ళయినా ఆ నవ్వు వింటే మనకీ నవ్వొస్తుంది.

దేశంలో దగ్గొచ్చినవాడల్లా ఆ మాట అంటాడు. మా నాన్నకి దగ్గు ఎక్కువ కాబట్టి అందరికన్నా ఎక్కువసార్లు అన్నాడు. మంచం అంచున కూర్చుని, మోకాళ్ళు ఎడం చేసి, అరచేతులు వాటి మీద ఆనించి దగ్గేవాడు. గుండెల అడుగునించి వచ్చే దగ్గు. చివర్న సన్నగా ఈల ఒకటి. అది వినపడితే చాలు, అమ్మ ఎక్కడున్నా ఏం చేస్తున్నా కుండలో గ్లాసు ముంచుకుని వచ్చేది. ఆయన గ్లాసు అందుకుని, "ముందు ఈ దగ్గు సంగతి చూసుకోనివ్వవే" అనేవాడు. "చూసుకో, నేనేం వద్దన్నానా" అనేది అమ్మ. రోజుకి ఎన్నిసార్లయినా ఆ మాటకి ఆ జవాబే.

మూడో రికార్డు పెట్టె విప్పిన రోజు పక్కన ఇంజనీరు ఉన్నాడు. తీసి పట్టుకోగానే నల్ల పూత చేపపొలుసుల్లా ఊడి నా చేతికి వచ్చేసింది. కింద రేకు తళతళా మెరుస్తోంది. ఇంజనీరు డైరెక్టరు గారిని పిలుచుకొచ్చాడు.

"మిగతా నాలుగూ పలుకుతున్నాయి సార్. మూడోది లేదు."

"లేదంటే?"

"లేదు సార్. ఇదిగో, ముఖం చూసుకోవచ్చు."

డైరెక్టరు గారు నిజంగానే చూసుకున్నారు. "హెడ్డాఫీసులో ఇంకో కాపీ ఉంటుంది. ఫోను చెయ్యి."

"వాళ్ళ దగ్గరున్నదే మనకి పంపారు సార్. ఇక్కడైతే భద్రంగా ఉంటుందని."

డైరెక్టరు గారు నా స్టూలు మీద కూర్చున్నారు. ఆయన్ని ఆ స్టూలు మీద నేను ఎప్పుడూ చూడలేదు. గోడ మీది గీతని కాసేపు చూశారు. రికార్డులు మేడ మీదే ఉంటే తడిసేవి కావన్న మాట ఎవరూ అనలేదు.

"రెండోదాని తర్వాత నాలుగోది వేసేస్తే?" అన్నారు.

"దగ్గు లేకుండానా సార్? ఊరు ఊరంతా మన మీద పడుతుంది. ఎందుకు లేదని పైవాళ్ళు అడుగుతారు."

"మరేం చెయ్యమంటావయ్యా!"

ఇంజనీరు నావైపు చూశాడు. నేను గుడ్డ పిండుతున్నాను. "సార్, వీళ్ళ తమ్ముడు ఒకడున్నాడు. గోరింక అంటారు" అన్నాడు.

నా తమ్ముణ్ణి ఇంట్లో చిన్నోడు అంటాం. ఊళ్ళోవాళ్ళు పెట్టిన పేరు గోరింక. ఏది వింటే అది పలుకుతాడు. వ్యానుకి మైకు కట్టుకుని ఊరంతా తిరుగుతూ కొట్టు అమ్మకాలూ సినిమా ఆటలూ చాటడం వాడి పని. సాయంత్రాలు ఎక్కడ నలుగురు చేరితే అక్కడ గొంతులు చేసేవాడు. కుక్క, రైలు, కుట్టుమిషను, మొగుడూ పెళ్ళాం పోట్లాట, చివర పెద్దాయన. వాణ్ణి పిలిచేదే ఆ చివరిదాని కోసం. వ్యాను వరదలో పోయింది. ఆ సీజన్లో వాడికి గొంతు తప్ప పని లేదు.

వాడి కోరిక ఒకటే, రేడియోలో వార్తలు చదవాలని. గొంతు పరీక్షకి ఏటా వెళ్ళేవాడు. ఒక ఏడు పరీక్ష పెట్టినాయన, "అన్ని గొంతులూ బాగున్నాయి. ఇందులో నీదేదయ్యా?" అని అడిగాడట. వీడు ఆలోచించి పాత డైరెక్టరు గారి గొంతుతో, "మళ్ళీ కబురు చేస్తాం, వెళ్ళిరండి" అన్నాడట. బయటికి పంపేశారు. ఇంటికొచ్చి చెబితే నాన్న దగ్గొచ్చేదాకా నవ్వాడు.

అందరి గొంతులూ చేసేవాడు నాన్నది మాత్రం ఎన్నడూ చెయ్యలేదు. ఒక్కసారి తప్ప. అది బురద ఎత్తుతున్న రోజుల్లో. వాడు బయటినించి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూ దగ్గాడు. ఆ దగ్గే, చివర ఈలతో సహా. కావాలని చేశాడో, వాడికి తెలీకుండా వచ్చేసిందో. లోపల్నించి అమ్మ గ్లాసుతో వచ్చింది. గుమ్మంలో వీణ్ణి చూసి ఆగింది. గ్లాసులో నీళ్ళు వీధిలోకి పారబోసింది.

"ఎవర్నైనా చెయ్యి చిన్నోడా. ఆయన జోలికి పోకు" అంది.

"పోనులే అమ్మా" అన్నాడు వాడు.

డైరెక్టరు గారు చెప్పిన మాట నేను వాడికి నది గట్టు మీద చెప్పాను. ఇంట్లో చెప్పద్దన్నారు. ఎక్కడా చెప్పద్దన్నారు. విరిగిన బ్రిడ్జి మొండాల చుట్టూ నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. వాడు వాటినే చూస్తూ విన్నాడు.

"అంటే నా గొంతు రేడియోలో వస్తుందా అన్నయ్యా?"

"వస్తుంది."

"నా పేరు చెప్తారా?"

"చెప్పరు."

"చెప్పరులే. ఎలా చెప్తారు!" వాడే నవ్వాడు. "చేస్తే ఏమిస్తారట?"

"ఉద్యోగం. మైకు ముందు కూర్చోబెడతానన్నారు. కానీ ఒక షరతు. ఇకమీదట నువ్వు బయట పెద్దాయన గొంతు చెయ్యకూడదు. పక్కపక్కన వింటే ఎవడో ఒకడు పోల్చుకుంటాడు."

"ఎన్నాళ్ళు?"

"ఎప్పటికీ."

వాడు రాయి ఒకటి తీసి నీళ్ళలోకి విసిరాడు. "అది తీసేస్తే నాకు మిగిలేది కుక్కా, రైలూ" అన్నాడు. మళ్ళీ, "వార్తలు చదివేవాడికి కుక్క ఎందుకులే" అన్నాడు.

ఇంటికి వెళ్ళాక గొంతు పరీక్షకి మళ్ళీ పిలిచారని మాత్రం చెప్పాడు. మా ఆవిడ ఊరుకుంటుందా.

"ఏం మరిదీ, ఈసారైనా నీ గొంతు దొరికిందా? లేక అది కూడా వ్యానుతోపాటే కొట్టుకుపోయిందా?"

"దొరక్కపోతే నీది వేసుకెళ్తా వదినా. నీ గొంతు వింటే కాదనే ధైర్యం ఎవడికుంది? మా అన్నయ్యని చూడు, మూగాడైపోయాడు."

"మీ అన్నయ్య పుట్టుకతోనే అంత. ఆ పాపం నా నెత్తిన వెయ్యకు."

అమ్మ కూడా కొంచెం నవ్వింది. నాన్న పోయాక అదే మొదలు. నేను చూసి తల దించుకుని తిన్నాను.

రికార్డింగు ఒక మధ్యాహ్నం పెట్టారు, స్టుడియోలో ఎవరూ ఉండని వేళ. పాత పేపర్లో అచ్చయిన ఉపన్యాసం తెచ్చి వాడి ముందు పెట్టారు. ఇంజనీరు రెండో రికార్డు చివరా నాలుగోదాని మొదలూ వాడికి మళ్ళీ మళ్ళీ వినిపించాడు. డైరెక్టరు గారూ, ఇంజనీరూ, నేనూ అద్దానికి ఇవతల ఉన్నాం. తమ్ముడు అవతల, మైకు ముందు. తల నున్నగా దువ్వుకుని వచ్చాడు, ఎవరో చూస్తారన్నట్టు.

ఎర్రదీపం వెలిగింది. వాడు మొదలుపెట్టాడు. మాటకి మాట పెద్దాయనే. ఇంజనీరు నావైపు చూసి కనుబొమలెగరేశాడు. దగ్గు దగ్గరకొచ్చేసరికి డైరెక్టరు గారు చెయ్యెత్తారు.

"ఇది నాటకం దగ్గు. వీధిలో చేసేది ఇక్కడ పనికిరాదు. నేను ఆ రోజు మైదానంలో ఉన్నాను, నాకు తెలుసు. లోపల్నించి రావాలి."

మళ్ళీ చేశాడు. మళ్ళీ కాదన్నారు. ఇంకోసారి చేస్తే, "జలుబు చేసినవాడిలా ఉంది" అన్నారు. ఇంకోసారికి ఆయనకి విసుగొచ్చింది. "ఇంతేనా? దీనికేనా ఊరంతా గోరింకా గోరింకా అని ఎగబడేది? రాదంటే చెప్పు, వేరే దారి చూసుకుంటాను" అన్నారు. ఆ మాట అవతలి స్పీకర్లో గట్టిగా వినిపించి ఉంటుంది.

వాడు కాగితం పక్కన పెట్టాడు. "అన్నయ్యా, ఆ దీపం కాసేపు ఆర్పమను" అన్నాడు. ఇంజనీరు ఆర్పాడు. వాడు కుర్చీ అంచుకి జరిగాడు. మోకాళ్ళు ఎడం చేసి, అరచేతులు వాటి మీద ఆనించి, తల వంచుకుని కూర్చున్నాడు.

ఏం చేయబోతున్నాడో నాకు అప్పుడే తెలిసింది. నేను ఆపలేదు.

వాడు తలెత్తకుండానే చెయ్యి ఊపాడు. దీపం వెలిగింది. "దాన్ని ఆర్పడానికి వచ్చేవాడి సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు పెద్దాయన. తర్వాత దగ్గు వచ్చింది. చివరిదాకా వచ్చింది, ఈల కూడా. నా చేతిలో ఖాళీ టేపు పెట్టె ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను. "ముందు ఈ దగ్గు సంగతి చూసుకోనివ్వండి" అన్నాడు పెద్దాయన మళ్ళీ.

డైరెక్టరు గారు జేబురుమాలు తీసుకుని కళ్ళు తుడుచుకున్నారు. "అదీ! అచ్చం అదే. ఆ మైదానం కనపడిందయ్యా నాకు" అన్నారు.

తర్వాత ఇంజనీరు నాలుగో రికార్డులోంచి జనం చప్పుడూ నవ్వూ తీసి అందులో కలిపాడు. పాత రికార్డులో మాటలు లేని చోట ఉండే గరగర తీసి అదీ కలిపాడు. కొత్త రికార్డు కోసి నాకు చూపించి, "పుట్టిన రోజునే దీనికి వయసు మీద పడింది చూడు" అని మురిసిపోయాడు.

ఆ రోజు ఇద్దరం నడిచి ఇంటికి వచ్చాం. వీధి మలుపు దగ్గర వాడు అడిగాడు.

"ఎలా ఉందన్నయ్యా?"

"బాగుంది."

"అమ్మకి తెలుస్తుందంటావా?"

"ఏమో."

"రేడియోలో గరగర ఉంటుందిగా. జనం చప్పుడు కూడా. తెలీదులే" అన్నాడు. గుమ్మం దగ్గర మళ్ళీ ఆగాడు. "అమ్మకి మాటిచ్చాను అన్నయ్యా" అన్నాడు. నేను లోపలికి నడిచాను.

పెద్దాయన పోయిన రోజు ఇంకా రాకముందే డైరెక్టరు గారు నన్ను మేడ మీదికి పిలిచారు. గాలి నిజంగానే బాగుంది.

"మీ తమ్ముడికి ఆర్డరు వచ్చింది. కొండ మీది స్టేషన్. పర్మనెంటు. పెద్దాయన ప్రోగ్రాము అయిన మర్నాడే బయల్దేరాలి."

"అక్కడ మైకు ఉంటుందాండి?"

"అక్కడ మిషన్లే ఉంటాయి. మన ప్రోగ్రాములు అందుకుని అవతలి ఊళ్ళకి పంపేవి. వాటిని కనిపెట్టుకుని ఉండాలి." నేను నిలబడే ఉన్నాను. ఆయన కాగితాలు సర్దారు. "చూడు, రోజూ వార్తల్లో అతని గొంతు వింటూ పోతే ఎవరో ఒకరు పోల్చుకోరూ? నువ్వే ఆలోచించు. నా ఒక్కడి గురించి కాదు, పెద్దాయన పరువు గురించి."

"అవునండి" అన్నాను.

తమ్ముడు కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే చెప్పాను. వాడు రెండో కాలు కూడా కడుక్కున్నాడు, మడమలు రుద్ది రుద్ది.

"మిషన్లా?" అన్నాడు.

"ఊఁ."

"పోనీలే. వాటికైనా నా రైలు నచ్చుతుందేమో."

వద్దనడానికి లేదు. వద్దంటే కొత్త రికార్డు ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది, నా ఉద్యోగం దాకా వస్తుంది. అది వాడికీ తెలుసు. కుళాయి కట్టేసి లోపలికి పోయాడు.

ఇంట్లో ఉద్యోగమని చెప్పాడు. మా ఆవిడ సంతోషించింది. "కొండ మీదనించి మాట్లాడితే గొంతు ఊరంతా వినపడుతుంది, ఇంక రేడియో ఎందుకు!" అంది. అమ్మ మాత్రం, "కొండ మీద చలట. గొంతుకి ఏదైనా చుట్టుకో" అంది.

పెద్దాయన పోయిన రోజు రానే వచ్చింది. సాయంత్రం ఎప్పటిలాగే రేడియో మా కిటికీలో పెట్టాను. వీధిలో చాలా రేడియోలు వరదలో పోయాయి, మాది అటక మీద ఉండి బతికింది. అందుకని ఆ ఏడు జనం ఎక్కువ వచ్చారు. ఎదురింటి దర్జీ తన బెంచీ తెచ్చి వేశాడు. బస్సు కండక్టరు డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చాడు. తమ్ముడు గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. అమ్మ వంటింట్లో ఉంది. ఆమె ఎప్పుడూ లోపల్నించే వింటుంది.

మొదటి రికార్డు అయింది. రెండోది అయింది. మూడోది మొదలుకాగానే వీధిలో గొంతులు సద్దుమణిగాయి. నేను తమ్ముడివైపు చూడలేదు. రేడియో మీద దుమ్ము ఉంటే వేలితో తుడిచాను.

దీపం మాట వచ్చింది. దగ్గు వచ్చింది.

లోపల కుండలో గ్లాసు ముంచిన చప్పుడు వినిపించింది.

అమ్మ గ్లాసుతో బయటికి వచ్చింది. గబగబా వచ్చింది, నీళ్ళు తొణుకుతున్నాయి. రేడియో ఇంకా దగ్గుతోంది. అమ్మ కిటికీ దాకా వచ్చి ఆగింది. పక్కనే గోడకి నిలబెట్టిన మంచం ఉంది. మంచాన్ని చూసింది, రేడియోని చూసింది. "ముందు ఈ దగ్గు సంగతి చూసుకోనివ్వండి" అంది రేడియో. మైదానం నవ్వింది. వీధి వీధంతా నవ్వింది. ఆ నవ్వులో అమ్మ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

తర్వాత తిరిగి మెట్టు దగ్గరికి వెళ్ళింది. తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు. ఈసారి నీళ్ళు పారబోయలేదు.

"తాగు" అంది.

వాడు రెండు చేతులతో గ్లాసు అందుకుని మొత్తం తాగాడు. ఖాళీ గ్లాసు గడప పక్కన పెట్టాడు. అమ్మ లోపలికి పోకుండా వాడి పక్కనే మెట్టు మీద కూర్చుంది. నాలుగో రికార్డు మొదలైంది.

ఉపన్యాసం అయిపోయాక ఏటా ఒక ఆట ఉండేది. తమ్ముడు దర్జీ బెంచీ ఎక్కి మూడో రికార్డు మొత్తం తన గొంతులో చేసేవాడు. జనం అక్కడ తప్పావు, ఇక్కడ తప్పావు అని తీర్పులు చెప్పేవాళ్ళు.

"ఏం గోరింకా, ఎక్కు బెంచీ. రేపు ఉద్యోగస్తుడివైపోతే నీ గొంతు మాకు దొరుకుతుందా?" అన్నాడు దర్జీ.

"రాదు మామా."

"రాదేంట్రా? పోయినేడు వచ్చిందిగా!"

"మర్చిపోయాను."

"అసలాయన్ని విన్నాక సిగ్గేసిందిరా వీడికి!" అని కండక్టరు అందుకున్నాడు. అందరూ నవ్వారు.

మా ఆవిడకి ఒళ్ళు మండింది. "మా మరిదికి సిగ్గేంటి? ఎక్కు మరిదీ, ఒక్కసారి చేసి వీళ్ళ నోళ్ళు మూయించు" అంది.

వాడు అడ్డంగా తల ఊపాడు.

"పాపం, బలవంతపెట్టకండమ్మా" అన్నాడు కండక్టరు. "అంతా బాగానే చేస్తాడు గానీ ఆ దగ్గు ఒక్కటి వాడికి ఏనాడూ పట్టుబడలేదు. ఇవాళ విన్నావుగా గోరింకా? దగ్గంటే అదీ."

"అవును మామా" అన్నాడు తమ్ముడు. "దగ్గంటే అదే."

అమ్మ వాడి వీపు మీద చెయ్యి వేసింది. జనం కాసేపు కూర్చుని లేచిపోయారు. దర్జీ బెంచీ తీసుకెళ్ళాడు.

తర్వాత ఎన్నేళ్ళో గడిచాయి. తమ్ముడు కొండ మీదే ఉండిపోయాడు. సెలవుల్లో వచ్చేవాడు. కుక్క చెయ్యమన్నా చేసేవాడు కాదు. వదిన ఎంత గిల్లినా ఆఁ, ఊఁ అనేవాడు. "అన్నదమ్ములిద్దరూ ఒకటైపోయారు, ఇంక నేను గోడలతో మాట్లాడుకోవాలి" అనేది ఆవిడ. ఒక చలికాలం వాడు అక్కడే పోయాడు. ఫొటో ఒకటి ఉంది. గొంతు కావాలంటే ఏడాదికోసారి వస్తుంది. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ సాయంత్రం రేడియో పక్కన గ్లాసుతో నీళ్ళు పెట్టేది. ఎవరికత్తయ్యా అని మా ఆవిడ ఒకసారి అడిగింది. "ఇద్దరూ ఉన్నారుగా" అంది అమ్మ. మా ఆవిడ నావైపు చూసింది. నేను పేపరు మడత పెట్టాను.

ఇదంతా తర్వాతి సంగతి. ఆ మర్నాడు పొద్దున్న తమ్ముడి ట్రంకు పెట్టె భుజాన వేసుకుని బస్సు దాకా వెళ్ళాను. మొదటి బస్సు. వాడు మెడకి నాన్న మఫ్లరు చుట్టుకున్నాడు. ఎవరిచ్చారో నేను అడగలేదు.

"రాత్రి అమ్మ ఏమైనా అందా అన్నయ్యా?"

"లేదు."

"సరే" అన్నాడు. బస్సు కదిలింది.

అటునించి అటే డ్యూటీకి వెళ్ళాను. రికార్డు గదిలో కొత్త అరలు వేశారు. పెద్దాయన రికార్డులు గీతకి పైన పెట్టమని ఆర్డరు. మొదటిది, రెండోది, నాలుగోది, అయిదోది గీతకి పైన మొదటి అరలో వరసగా పెట్టాను. మూడోది పట్టుకుని నిచ్చెన ఎక్కాను. కప్పు కింద చివరి అర ఒకటి ఉంది, చెయ్యి చాపితే గానీ అందదు. ఏ నదీ అంత ఎత్తు రాదు. గుడ్డతో శుభ్రంగా తుడిచి, పెట్టె అక్కడ పెట్టాను.

ఇంజనీరు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. "అదేంటయ్యా, దాన్నొక్కదాన్నీ అక్కడ పెట్టావు? కావాల్సినప్పుడు ఎవరు ఎక్కుతారు?"

"నేను ఎక్కుతానుగా" అన్నాను.

నిచ్చెన దిగి, మడిచి గోడకి ఆనించాను.